పదిహేడో నంబరు

మేఘాద్రిగెడ్డ వెనక, తుంగ బలిసిన మడుగు పక్కన
గొర్లె సన్నాసమ్మ మంద.
నలభై గొర్రెలు, పదకొండు మేకలు.
వాటిలో ఇరవై నావి,
అంటే చెవికి పసుపు బిళ్ల ఉన్నవి.

నెలకో మంగళవారం వెళ్తాను.
మెడ దగ్గర బొచ్చు కత్తిరించి, వేలితో నరం తడిమి
ఐదు మిల్లీలీటర్లు.
"మల్లీ వచ్చేసినావేటే, దోమల సెల్లీ!" అంటాది.
నేను వేలిముద్ర వేయించుకుంటాను.
దోమ వేయించుకోదు. అంతే తేడా.

వెతికేది ఇంకా ఇటు రాని జ్వరాన్ని.
ఓడలోనో, ఏ దోమ కడుపులోనో వస్తుందేమోనని
రేవున్న ఊరికి ఈ కాపలా.
మూడేళ్లుగా ప్రతి కాగితం మీదా ఒకటే మాట:
లేదు.
ఆ మాటకే నా జీతం.

మొన్న ముసురులో పదిహేడు ఈసుకుపోయింది.
సన్నాసమ్మ పిల్లని గోనెలో చుట్టి అట్టేపెట్టింది నాకోసం.
ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని సిటీబస్సెక్కాను.
గోపాలపట్నం దగ్గర పక్కసీటాయన
"చేపలా?" అన్నాడు.
తలూపాను.

తొమ్మిదో రోజున కాగితం వచ్చింది. లేదు.
పరుగున తీసుకెళ్లి చూపిస్తే
అటూ ఇటూ తిప్పి, మడిచి, నా చేతికే ఇచ్చేసి
"మరైతే ఎందుకు సచ్చినాది?" అంది.

ఆ పరీక్ష నా జాబితాలో లేదు.

పొద్దుగూకాక దోమల బుట్టలో దీపం వెలిగించాను.
పదిహేడు వచ్చి అరచేతిలో ఉప్పు నాకుతోంది.
మణికట్టు మీద ఒకటి వాలింది.
కొట్టబోయి ఆగాను.
ఇంకా కుట్టనే లేదు,
దాని కడుపు అప్పటికే ఎర్రగా ఉంది.