లేని తలుపు

గోవన్‌లో, లైబ్రరీ మేడ మీద,
మంగళవారం రాత్రి ఏడింటికి
బల్లలన్నీ గోడకి జరిపేస్తాం.
మధ్యలో సుద్దముక్కతో ఒక గీత:
ఇదే తలుపు.
ఇవతల లెతెబ్రహాన్.
అవతల ఇంటి ఓనరు.

ఓనరు వేషం షీర్జాద్‌ది.
సులేమానియాలో లారీ తోలినవాడు
నా గొడుగు చంకలో ఇరికించి
లేని బొజ్జ ముందుకు తోసేసరికి
పుట్టుకతోనే నాలుగు మేడలున్నవాడైపోయాడు.
తన సొంత ఓనరు నడకే అట అది,
తర్వాత చెప్పాడు.

లెతెబ్రహాన్ పదకొండు వారాలుగా
నా క్లాసులో నోరు విప్పలేదు.
ఖాళీలు పూరించమంటే అన్నీ కరెక్టే.
ఆ ఖాళీల్లో ఒక్కదానిలోనూ
ఆమె లేదు.

గాలిని మూడుసార్లు తట్టింది.
చప్పుడు కోసం వెనక ఎవరో బల్ల కొట్టారు.
"ఏంటి?" అన్నాడు ఓనరు, తలుపు బెత్తెడే తీసి.
ఆమె నా వైపు చూసింది.
నేను కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించాను.
ఆ రాత్రి నాకొచ్చిన వేషం అదే.

"గోడ తడి."
"కిటికీ తెరువు."
"తెరుస్తాను. గోడ తడి."
"నీ వంట వల్లే. ఆవిరి."

ఇది నేను రాసిచ్చిన చీటీలో లేదు.
నవ్వబోయిన గది
నవ్వు మింగేసింది.

"వంట కాదు! నా కొడుకు
నిన్న రాత్రి దగ్గుతాడు,
మొన్న రాత్రి దగ్గుతాడు,
నువ్వు వస్తాను అంటావు, రావు,
వస్తాను అంటావు, రావు..."
అంటూనే గీత దాటేసింది
తలుపు తీయమని అడక్కుండానే.

గొడుగు కింద పడింది.
షీర్జాద్ రెండడుగులు వెనక్కి వేసి
కుర్దిష్‌లో ఏదో అన్నాడు.
క్షమాపణేమో. నాకా భాష రాదు.

నా చేతిలో ఎర్ర పెన్ను.
నిన్న రాత్రి కదా, భూతకాలం పెట్టాలి.
ఆమె వర్తమానంలోనే ఉంచింది.
ఆ గోడ ఇంకా ఆరలేదు మరి.
పెన్నుకి మూత పెట్టేశాను.

తొమ్మిదింటికి వాచ్‌మన్ డూగల్
తాళాలు గలగలలాడిస్తూ వచ్చాడు,
నేల మీద గీతలేంటని గొణుగుతూ.
తడిగుడ్డతో ఆమే వంగింది.
తలుపు సగం చెరిపి, ఆగి,
తలెత్తకుండా అడిగింది:

"ఇళ్ళ ఆఫీసులో తలుపు,
నెట్టాలా? లాగాలా?"

తెలియదన్నాను.
పుట్టి పెరిగిన ఊరే నాకిది.
ఆ ఆఫీసు మెట్లెక్కే అవసరం
నాకెప్పుడూ రాలేదు.