నాలుగు నుంచి ఐదు దాకా

క్లైపెడా రేవులో ధాన్యం గోదాముల కంపెనీ మాది.
నవంబర్ వస్తే నాలుగింటికే దీపాలు.
సముద్రం కిటికీలో కనబడటం మానేసి
వినబడటం మొదలెడుతుంది.

నరిమాంటాస్ నా బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్ళాడు:
"జివిలే, లెక్కల విభాగానికి చేసిన కాల్స్
లారీల కాటాకి పోతున్నాయట.
ఎప్పుడూ కాదట. చూడు."
"ఎప్పుడూ కాదట" కంటే పాడు మాట
మా వృత్తిలో ఇంకోటి లేదు.

నేను చేస్తే మోగాల్సిన చోటే మోగుతుంది.
పొద్దున చేశాను, మధ్యాహ్నం చేశాను.
డాక్టరు ముందు కూర్చోగానే
పంటినొప్పి మాయమైనట్టు.

కేబుల్ మార్చాను. స్విచ్ ఆపి వేశాను.
రెజీనా సెలవులో వెళ్తూ పెట్టిపోయిన ఫార్వర్డింగ్ తీసేశాను,
పాపం అది ఏ పాపమూ ఎరగదు.
లైన్లు ఇచ్చిన కంపెనీకి రాస్తే
తప్పు మీ వైపే అన్నారు.
పదకొండేళ్ళుగా అదే అంటున్నారు.
మూడు రోజులైనా
ఎక్కడి గొంగళి అక్కడే.

నాలుగో రోజు కోటు తొడుక్కుని కాటాకి నడిచాను.
వరసలో లారీలు, టైర్లకంటిన బార్లీ పొట్టు,
గాజు గదిలో బాల్ట్రూస్, పక్కన ఉల్లిపాయా రొట్టే.
"అవి నీ ఫోన్లా? నా ఫోన్లే అనుకున్నాను" అన్నాడు.
"ఐదు దాటాక వచ్చేవి నావి, రాత్రి డ్యూటీ.
ఇవి అంతకు ముందువి."
తూకం చీటీల వెనక రాసి, మేకుకి గుచ్చిపెట్టాడు:
తేదీ, టైము, పేరు, ఏం అడిగారు, తనేం చెప్పాడు.
ముప్పై ఒక్క చీటీలు.
అంత శుభ్రమైన లాగ్
నా సర్వర్ నాకెన్నడూ ఇవ్వలేదు.

4.07. 4.20. 4.51. 4.20. 4.33. 4.20.
మూడున్నర లేదు. మధ్యాహ్నం లేదు.
వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

రాత్రి రూలు ఐదింటికి మొదలవుతుంది.
సర్వర్‌కి ఐదంటే మాకు నాలుగు.
అక్టోబర్ ఆఖరి ఆదివారం దేశమంతా
గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంది.
కిటికీ లేని గదిలో ఉన్న ఆ పెట్టెకి
ఎవరూ చెప్పలేదు.
అది ఇంకా వేసవిలోనే ఉంది.
దేశంలో ఎక్కడా లేని ఒక గంటకి
నమ్మకంగా కాపలా కాస్తూ,
వచ్చిన ప్రతి గొంతుకీ
పొద్దు పోయింది, ఆఫీసు మూసేశాం అని
కాటా దారి చూపిస్తోంది.
నిజం చెప్పాలంటే
బయట పొద్దు పోయే ఉంది.

సరిచేయడానికి నలభై సెకన్లు.
"కారణం" అన్న గడిలో
"వేసవి" అని రాశాను.
చెరిపేసి "టైమ్ జోన్" అని రాశాను.

ఆ మాట చెబుదామని చేస్తే
"మంచిదే" అన్నాడు బాల్ట్రూస్. "మరి స్టసె గారు?"
4.20 ఆవిడ.
"ఆవిడ లోడులో నూట నలభై కిలోలు తక్కువ రాశాం.
పాత చీటీ తీసి చూశాను, తప్పు మనదే.
లెక్కల వాళ్ళకి చెప్పమన్నాను.
ఆవిడ వాళ్ళకే చేస్తోంది, నాకు వస్తోంది.
పోనీ నేనే చెబుదామని చేస్తే
నాకే వస్తోంది,
బిజీ అని."

మర్నాడు నాలుగూ ఇరవైకి
ట్రేస్ తెరిచి కూర్చున్నాను.
కాల్ వచ్చింది. లెక్కల విభాగంలో మోగింది. ఎత్తారు.
రెండు నిమిషాలు.
అంతలో తెర మీద బాణం గీత వంగి
తిన్నగా కాటాకే పోయింది.
మొన్నటి దారే. గుండె ఆగినంత పనైంది.

లోతుగా చూస్తే, ఎవరో బటన్ నొక్కి కలిపారు.
ఈసారి దారి తప్పి కాదు,
దారి అడిగి వెళ్ళింది.

పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నారు.
ఏం మాట్లాడారో ట్రేస్‌లో ఉండదు.
కంప్లైంటూ రాలేదు.