చేతివాటం

మార్చి. మెల్‌ఫోర్ట్ బడి జిమ్ములో
పైకప్పు నుంచి వల దించి
బంతులు విసిరే యంత్రాన్ని మధ్యకి లాక్కొచ్చాను.
బయట మంచు ఇంకా మోకాటి లోతు.

ఒరీసియా వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల.
భుజాన ఐస్ హాకీ సంచి,
నుదుటి మీద హెల్మెట్ అచ్చు ఇంకా ఆరలేదు.
ముందురోజే సెమీఫైనల్లో ఓడారట.
ఆ ఓటమిని బూట్లతో పాటు గుమ్మం బయట విప్పి రమ్మన్నాను.
నవ్వలేదు.

బేస్‌బాల్ బ్యాటు అందుకుంది
రెండు చేతుల మధ్యా జానెడు ఎడం వదిలి.
"అది హాకీ కర్ర కాదు తల్లీ, దగ్గరికి చేర్చు."
చేర్చింది.
మొదటి బంతికి నడుం వంగింది, భుజం జారింది,
బ్యాటు నేల రాసుకుంటూ వచ్చి
అక్కడ లేని మంచుని చెక్కింది.
బంతి ఆ తల పక్క నుంచి
ఎంతో మర్యాదగా వెళ్లి వల్లో పడింది.

రాసేది కుడిచేత్తో, విసిరేది కుడిచేత్తో,
బ్యాటు పట్టేసరికి మాత్రం ఎడమ.
ఈ ఊళ్లో సగం మంది పిల్లలు అంతే.
నడక వచ్చిన కొత్తలో చేతికిచ్చిన మొదటి కర్ర
ఎటు వంగి ఉంటే అటే వాళ్ల వాటం.
బ్రహ్మ రాసిందంటే తుడవలేం సరే,
తమ్ముడి కోసం కొన్న కర్ర రాసింది కూడానా?

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
మోచెయ్యి పైకి. తల కదలకూడదు.
భుజం జారుతోంది.
భుజం జారుతోంది, మళ్లీ.
గురువారాలు బ్యాడ్మింటన్ కూడా ఆడుతుందట.
మణికట్టు ఎందుకలా ముందే తెగిపడుతోందో
అప్పటికి అర్థమైంది.

పోస్టాఫీసులో హాకీ కోచ్ ఎమెట్ ఎదురయ్యాడు.
"నీ ఆట నా పిల్లని పాడుచేసింది" అన్నాను.
కవరు అంచుని నాలుకతో తడిపి, అతికించి,
బొటనవేలితో ఒత్తి, అప్పుడు అన్నాడు:
"సెప్టెంబర్లో నువ్వు పంపినప్పుడు చూడాలి.
బంతి తన వైపు వస్తుందేమోనని
గడ్డకట్టిన నేల మీద నిలబడి ఎదురుచూస్తుంటుంది."

జూలై మొదటి ఆదివారం, టిస్‌డేల్‌లో ఆట.
కంచె అవతల కనోలా చేను పచ్చగా విరగబూసింది.
వాళ్ల బౌలింగు పిల్ల బంతిని చీలమండల దగ్గరికి ముంచేసింది.
అది ఆడే బంతి కాదు.
వదిలెయ్ అనడానికి నోరు తెరిచాను.

నడుం వంగింది. భుజం జారింది.
మార్చిలో జారినట్టే, అణువంత తేడా లేదు.
దుమ్ములోంచి తవ్వి తీసింది బంతిని.
రెండో బేస్ పిల్లాడు ఎగిరి, అందక, తిరిగి చూసేసరికి
అది కంచె కింద దూరి పూలల్లో ఉంది.
ఒరీసియా మూడో బేస్ దాకా పరిగెత్తి
పక్కకి తిరిగి, పాదాల అంచున ఆగింది,
మంచు మీద ఆగినట్టు.
లేచింది మాత్రం ఎర్రటి దుమ్ము.

చేతివాటం అంటే అదే కాబోలు.
చలికాలం జేబులోంచి ఒక దెబ్బ కొట్టేసి
ఎండల దాకా దాచుకుంది.
నేనేమో మూడు నెలలుగా సోదా చేస్తున్నాను.

తర్వాతి రెండుసార్లూ మెడ ఎత్తున వేశారు.
రెండుసార్లూ గాలిని కొట్టి వచ్చి బల్ల మీద కూర్చుంది,
పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, నన్ను చూడకుండా.

ఆ రాత్రి పెరట్లో, దీపం కింద, నా పాత బ్యాటు తీశాను.
ధాన్యపు గోదాములో ముప్పై ఒక్కేళ్లు పార తిప్పినవాణ్ని.
ఊపాను.
గోధుమలు ఎత్తి భుజం మీదుగా వెనక్కి పోసింది నా ఒళ్లు.
మళ్లీ ఊపాను. మళ్లీ పోసింది.
పక్కింటి కుక్క చూసి మొరగడం కూడా మానేసింది.

నోటుపుస్తకం తెరిచాను.
"భుజం జారుతోంది" కొట్టెయ్యలేదు.
పక్కన చిన్నగా రాశాను:
కింది బంతికి, జారనీ.
పైబంతి సంగతి మంగళవారం చూద్దాం.