గోడ మీద బొట్టు

సాయంత్రం ఆరింటికి మా పోర్షన్ తలుపుకి గడియ పడతాది.
బైరాగిపట్టెడ మూడో సందులో అందరికీ తెలుసు.
"డ్రైవరు మునిశేఖరం కూతురు
తుపాకీకి హారతిచ్చే టయమైంది" అని
కింద కుప్పమ్మత్త నవ్వతాది.

హారతి కాదత్తా, లెక్క.

ముందు గుళ్ళ డబ్బా.
దాన్ని వసారా దాటించి
అమ్మ కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేస్తాను.
తాళంచెవి అమ్మ కొంగుముడికి.
తర్వాత తుపాకీ తెరిచి
కంటితో ఒకసారి,
వేలితో తడిమి ఒకసారి,
మళ్ళీ కంటితో.
"ఖాళీ" అని పైకే అంటాను,
గదిలో నేను తప్ప ఎవరూ లేకపోయినా.
మనసులో అనుకునే ఖాళీ ఖాళీ కాదు పాపా,
చెవికి వినపడాల అంటారు గురుస్వామి సారు.

ఉత్తరపు గోడకి ఆనించి
నాయన రెండు వరసలు ఇసక బస్తాలు పేర్చినాడు.
ఖాళీ తుపాకీకి బస్తాలెందుకని తమ్ముడడిగితే
"ఖాళీ అని దానికి తెలీదు కదరా" అన్నాడు.
బస్తాల మీద అట్టముక్క,
అట్ట మీద అమ్మ స్టిక్కరు బొట్టు,
కందిగింజంత, నల్లది.

ఇంక నిలబడడమే.
మడమలు, మోకాళ్ళు, నడుము,
ఎడమ మోచేయి వెళ్ళి తుంటి ఎముక మీద కూర్చుంటుంది
మధ్యాన్నం ఎండకి అరుగు మీద చేరిన ముసలామెలాగా.
ఊపిరి సగం వదిలి సగం ఉంచుకుంటాను.
గొట్టం కొసన రూపాయి బిళ్ళ.
వేలు కదలాలి, బిళ్ళ కదలకూడదు.

టిక్.

బిళ్ళ పడింది.
వంగి తీసుకుని మళ్ళీ పెడతాను.
మొదటి నెలంతా నేను నేర్చుకుంది వంగడమే.

"లాగతా ఉండావు నువ్వు" అన్నాడు నాయన ఒకరోజు, గడప అవతల నిలబడే.
"ఘాట్‌రోడ్డులో బ్రేకు తొక్కితే
వెనక సీట్లో బిడ్డ ముందుకొచ్చి పడతాది.
ఒత్తల్ల. ఎప్పుడు ఆగిందో
బండిక్కూడా తెలీకూడదు."
తుపాకీ పట్టని మనిషి చెప్పిన ఆ మాటతో
బిళ్ళ ఆ రాత్రి పదకొండు సార్లు నిలిచింది.

ఆషాఢంలో ఒక శుక్రవారం,
చొక్కా జేబులోంచి రుమాలు తీస్తుంటే
ఏదో నేల మీద పడి దొర్లింది.
చిన్న శబ్దం, ఆవగింజ చిటపటంత.
సీసం గుండు.
క్లబ్బులో మిగిలింది, నాతో ఇంటికొచ్చింది.
తుపాకీలో లేదు, నిజమే, జేబులో ఉంది.
కానీ నేను "ఖాళీ" అని పైకి అన్న గదిలోనే ఉంది.
ఆ పూట తుపాకీ పెట్టెలో పెట్టేసి
చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.
ఇప్పుడు జేబుల్లేని చొక్కా వేసుకుంటాను.

ఇంకొకటి నాయనకి చెప్పలేదు.
అరవై అయ్యాక బొట్టు ఒలిచి
బీరువా అద్దానికి అంటించడం నా అలవాటు,
రేపటికి పనికొస్తుందని.
ఒకరోజు డిల్లీరాణి వాళ్ళ సీమంతానికి
తొందరగా బయల్దేరుతూ అమ్మ
అద్దం మీది బొట్టు తీసి నుదుట పెట్టుకుని
నా వైపు తిరిగింది, "బాగుందా?"

రెండు నెలలు ఆ నలుపు వైపే చూసినదాన్ని.
చూపుడువేలు తనంతట తనే వంగింది.

"అది వద్దమ్మా" అని ఒలిచేశాను.
నుదురు మీద చిన్న ఎర్ర గుర్తు మిగిలింది.
"పిచ్చిదానా, రూపాయి కూడా చెయ్యదు" అనుకుంటా
కుంకుమ పెట్టుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి అట్ట మీద పెన్నుతో చుక్క పెడతాను.
అరవై అయ్యాక "అయిపోయింది" అని పైకి అని
అట్ట చింపేస్తాను.
ఇంకొక్కటి అని వేలు అడుగుతుంది, ప్రతిరోజూ.
చుక్కే లేదు పో అంటాను.

పదిన్నరకి ఆఖరి ట్రిప్పు దింపి నాయనొస్తాడు,
చొక్కా నిండా డీజిలు వాసన.
"ఎన్నమ్మా?"
"అరవై."
"పేలినవి?"
"ఒకటీ లేదు. నీకో?"
కాళ్ళు కడుక్కుంటా వేళ్ళు మడిచి
మలుపులు లెక్కపెట్టుకుంటాడు,
ఎక్కడో తప్పి మళ్ళీ మొదట్నుంచీ.
లోపల్నుంచి అమ్మ,
రసం చల్లారిపోతా ఉండాది, రండి అంటుంది.