సగం చేదు

గ్రాహమ్ పోతూ పోతూ నాకిచ్చినవి మూడు:
ఒక స్టీలు కాగు,
మూతకు గొట్టమున్న ప్లాస్టిక్ డ్రమ్ము,
తలుపు సరిగ్గా పడని ఫ్రీజరు.
దాని అడుగున వెండి రేకు పొట్లం.
"హాప్స్, జాగ్రత్త" అన్నాడు
ఇంటి తాళాలు అప్పగించే గొంతుతో.
లేబుల్ మీద నీలి సిరా: రెండు వేల పదిహేడు.

గుదైబియాలో కోల్డ్ స్టోర్ పైన మా గది.
ముగ్గురం, రెండు మంచాలు, ఒక చాప.
ఏసీ మెకానిక్‌ని నేను,
ఊరంతటికీ చల్లదనం బిగించి
చొక్కా పిండుకుంటూ మెట్లెక్కే మనిషిని.
నాకు తెలుసు,
చలి దేన్నీ ఆపదు. కాస్త నెమ్మది చేస్తుంది, అంతే.
పైగా ఆ ఫ్రీజరు మూడు ఎండాకాలాల్లో
మూడుసార్లు ఊపిరి వదిలింది.
రెండుసార్లు నేనే గ్యాసు నింపాను.
మూడోసారి జకరయ్య చేపలన్నీ సందులో పిల్లులకు పోయాయి.
పొట్లం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఈ శుక్రవారం తీశాను.
మూల కత్తిరించి, నాలుగు గుళికలు
అరచేతిలో నలిపాను.
పచ్చదనం గోధుమరంగుకు తిరిగింది.
గ్రాహమ్ చెప్పిన నారింజ తొక్క వాసన లేదు.
పాత జున్ను,
సైటు నుంచి తిరిగొచ్చే బస్సులో విప్పిన మేజోళ్ళు.
"పారేయన్నా" అన్నాడు ఓబులేసు
ముక్కు లుంగీలో దాచుకుని.

ఒక గుళిక నాలుక కొసన పెట్టుకున్నా.
మొదట మట్టి. తర్వాత, చాలా వెనక నుంచి,
పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలికే మనిషిలా
చేదు.
ఉంది. సగం ఉంది.

కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
సగం చేదుకు రెట్టింపు గుళికలు.
వాసన పోయింది గనక చివర్లో వేయడం దండగ,
మొదటి పొంగుకే వేసి గంటన్నర మరిగిస్తే
జున్ను కంపు ఆవిరితో పోతుందని
గ్రాహమే ఒకసారి అన్నాడు.
కొన్ని దేశాల్లో కావాలనే ఏళ్ళ తరబడి మాగబెడతారట,
ఘాటు చచ్చి, కాపాడే గుణం మిగలాలని.
అప్పుడా మాట నమ్మలేదు.

పదిహేడులోనే కదా
మా పాత కంపెనీ ఐదు నెలల జీతం ఎగ్గొట్టి
గేటుకు గొలుసు వేసింది.
ఆ రోజుల్లో ముదీరు పేరు వింటే
చేతిలో స్పానరు వేడెక్కేది.
మొన్న సీఫ్‌లో మాల్‌కి రిపేరుకెళ్తే అతనే,
నేలమీద చతికిలబడి
మనవరాలి చెప్పుకు బకిల్ పెడుతున్నాడు.
పేరు గుర్తుకు రావడానికి
ఎస్కలేటర్ పైదాకా పట్టింది.

రాగులు ముందే మొలకెత్తించి ఉంచాను,
తడి తువ్వాలులో, ఏసీ గాలి తగలని మూల.
జకరయ్య తాగడు. అయినా గరిటె తిప్పాడు
సంగటికి తిప్పినట్టు, అంచులు గీరుతూ.
పొంగు రాగానే గుళికలు వేశాం.
గదంతా కంపు. కిటికీ తీస్తే
జులై లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది.
రుచి చూశాను. చాలలేదు.
లెక్క సరిగ్గానే ఉంది, చేదే మాట తప్పింది.

అప్పుడు ఓబులేసు ఏమీ అనకుండా
ఫ్రీజరు తెరిచి, సేమ్యా కవరొకటి తీశాడు.
వాళ్ళత్త రాయచోటి నుంచి పంపిన వేపపువ్వు,
ఉగాదికి వాడగా మిగిలింది.
"ఇది ఈ యేటిదే" అన్నాడు
కొంచెం మీసం మీద చెయ్యేసి.
పిడికెడు. ఆగి, ఇంకో చిటికెడు.

మూడు వారాలు మంచం కింద సీసాలు.
ఒక రాత్రి ఒకటి పేలింది.
కంప్రెసర్ పోయిందనుకుని
స్క్రూడ్రైవరుతో లేచాను.

మిగిలినవాటిలో మొదటిది తెరిచాం.
మబ్బుగా ఉంది. నురుగు నిలవలేదు.
ముందు రాగి, వెంటనే వేప.
పాతది ఎక్కడుందా అని వెతికాను.
మింగేశాక, గొంతు దిగువన,
ఎవరో తలుపు మెల్లగా మూసి వెళ్ళినట్టు.
జకరయ్య వాసన చూసి "దగ్గుమందు" అన్నాడు.
ఓబులేసు మళ్ళీ గ్లాసు చాచాడు.

పొట్లంలో ఇంకా గుప్పెడుంది.
గాలి నొక్కేసి, మూల మడిచి, రబ్బరు బ్యాండు చుట్టి
అడుగునే పెట్టాను.
పదిహేడు కొట్టేయలేదు.
వచ్చేసారి మూడు రెట్లు వేయాలి.