గిర్ని గోడ

మా పిండి గిర్ని గోడకు నిరుడు సున్నం వేయించలే.
మసిబారిన కాడ సుద్దముక్క మంచిగ పడుతది.

మొదటి గీత మొగులమ్మది.
రాత్రి పదకొండు దాటి ఏడు నిమిషాలకు
ఆమె మనవడు ఫోన్ కొట్టిండు.
పదకొండూ నలభై ఒకటికి
గల్లీ మొగదల ఎర్రలైటు తిరిగింది.
ముప్ఫై నాలుగు.
దుఃఖంతోని రాయలే, కోపంతోని రాయలే.
కిలో జొన్నలకు ఇంత తరుగు అని
ఇరవై ఏండ్లుగ రాసిన చెయ్యి,
ఊకె ఉండలేక రాసింది.

ఇగ అప్పటిసంది అడ్డగుట్టల ఎవరికేమైనా
ముందు అంబులెన్సుకు ఫోన్, తర్వాత నా గోడకు కబురు.
జహీర్ భాయ్ ఛాతినొప్పి: పంతొమ్మిది.
మేస్త్రీ పెంటయ్య సెంట్రింగ్ మీదికెల్లి పడ్డది: నలభై.
రేణమ్మ కోడలి కాన్పు: పదహారు.
పిల్ల ఆగలే. పదకొండుకే వచ్చేసింది.

పెద్ద ఆఫీసు లెక్క పేపర్ల అచ్చయింది:
నగరంల సగటు పద్నాలుగు నిమిషాలు.
సగటంటే నాకు ఎరుకే.
పుచ్చు గోధుమలు మంచి గోధుమలల్ల కలిపి ఆడిస్తే
పిండి తెల్లగనే కనపడుతది.
రొట్టె నోట్ల పెట్టినోళ్లకే తెలుస్తది.

డిగ్రీ చదివే అష్ఫాఖ్ ఆ కాగితం కింద
చీమలంత అక్షరాలు చదివి చెప్పిండు:
"అమ్మీ, వాళ్ల గడియారం మనం ఫోన్ చేస్తే మొదలుగాదు,
బండికి కబురు అందినంక మొదలైతది.
బండి గల్లీ మొగదల ఆగితే అదీ ఆగిపోతది."
గల్లీ మొగదలకెల్లి మొగులమ్మ మంచం దాక
నూట పన్నెండు మెట్లు.
అవి ఎవరి గడియారంల పోయినయ్?
గోడ మీద ఇంకో గడి గీసిన.
పైన "మెట్లు" అని రాసిన.

ఒకనాడు డ్రైవర్ అంజిలయ్య
సోడా తాగుకుంట గోడ ముందల నిలబడ్డడు.
పెంటయ్య పేరు కాడ వేలు ఆగింది.
ఆ నలభై ఆయనదే.
తిడతడనుకున్న.
సుద్ద అడిగిండు.

"ఆ పొద్దు ముందటి పేషంటు
నా స్ట్రెచర్ మీదనే ఉన్నడమ్మా.
దవాఖానల మంచం ఖాళీ లేదన్నరు.
యాభై రెండు నిమిషాలు
నా స్ట్రెచర్ కోసం నేనే గేటు కాడ నిలబడ్డ.
అది గూడ ఉండాలె గద ఈడ."

వంకర అక్షరాలతోని తానే రాసిండు.
కింద పేరు పెట్టబోయి,
నౌకరి యాదికొచ్చి,
బొటనవేలుతోని తుడిచేసిండు.
ఆ తుడిచిన మరక ఇంక అట్లనే ఉన్నది.

తర్వాత చేతుల ఫైలుతోని ఒకాయన వచ్చి
"ఇవన్నీ ఎవరు రాయమన్నరు?" అన్నడు.
"ఎవరూ వద్దనలే సారూ" అన్న.
గోడకు ఉట్టిగనే రంగేస్తమన్నడు, పచ్చటిది.
ఆయన తెచ్చిన రెండు కిలోల గోధుమలు ఆడించిచ్చిన.
రంగు వద్దన్న.

ఇప్పుడు తొమ్మిదీ యాభై రెండు.
పక్కింటి చంద్రకళ పెనిమిటికి నోరు వంకరపోయింది.
మొదటి గడి నింపిన.
సైరన్ వినపడాలె గదా అని గిర్ని బందుపెట్టిన.
సగం నలిగిన మక్కలు రాళ్ల నడుమ ఆగినయ్.
పిలగాండ్లు మెట్ల పొడుగున
ఒక్కొక్క ఫోన్ లైటు పట్టుకొని నిలబడ్డరు.

రెండో గడి ఖాళీ.
అరచేతిల సుద్ద తడుస్తున్నది.