జోడి

ఓదెలన్న ఆ సీసాను తువ్వాలల చుట్టి తెచ్చిండు,
పసిపిల్లను తెచ్చినట్టు గాదు,
దొంగను పట్టుకొచ్చినట్టు.

"చూడు బిడ్డా, కల్తీ నూనె ఇది.
చెంచాడు మింగితె గొంతుల మంట,
రెండుసార్లు దగ్గొచ్చింది.
ఎనుమాముల మిర్చి యార్డుల
ముప్పై ఏండ్లు బస్తాలు మోసినోన్ని,
ఏది కారమో నాకు తెల్వదా?"

గుండెల స్టెంటు పడ్డంక
తోటి హమాలీలు తలా యాభై ఏసి
హన్మకొండ చౌరస్తా కాడ కొనిచ్చిన ఆలివ్ నూనె.
సీసా మీద మనకు తెల్వని చెట్టు,
తెల్వని ఎండ.

ఫార్మసీ కాలేజి ల్యాబుల పని నాది.
నవ్వొచ్చింది గని నవ్వలే.
"దగ్గొస్తెనే అది మంచి నూనె అన్నా" అన్న.
నమ్మలే.
నిజం చెప్పాలంటె నేనూ చదివిందే,
మింగి చూసింది లేదు.

సరే అని
రెండు గాజు గొట్టాలల్ల ఊదా ద్రావణం పోసిన,
నేరేడుపండ్లు తిన్న నాలుక రంగు.
ఒకదాంట్ల ఏమీ కలపలే.
ఇంకోదాంట్ల ఆయన నూనె నుంచి పిండిన సారం
నాలుగు చుక్కలు.
అల్మార చీకట్ల పెట్టి
అరగంట ఆగాలె.

అరగంటంటె శానసేపు,
స్టూలు మీద కూసున్న మనిషికి.
చెప్పుకుంట పోయిన:
ఎలక్ట్రాన్లు జోడీలుగ ఉంటయన్నా.
ఒకటి జోడి తప్పిందనుకో, ఆగదు,
పక్కదాని మీద పడి గుంజుకుంటది.
పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడ్తది.
పాత నూనె కంపు కొట్టుడు,
నెత్తుర్ల కొవ్వు చెడుడు,
అంత ఆ గుంజులాటనే.

మధ్యల ఆపిండు.
"అంటె జోడి లేని హమాలి తీరు.
బస్తా వీపు మీదికెక్కాలంటె
అటొకడు ఇటొకడు పట్టాలె గద.
నా జోడి కొమురెల్లి సచ్చిపోయిన యేడు
దొరికినోని చెయ్యల్లా గుంజిన.
వాడు వాని జోడిని ఇడిసి వస్తుండె.
ఆ యేడు యార్డు యార్డంత కొట్లాటలే."

పుస్తకంల ఇంత బాగ లేదు.

"ఆలివ్ కాయల ఫినాల్ అని ఉంటది" అన్న,
"అది తన చెయ్యి ఇచ్చేస్తది.
ఇచ్చినంక తను మల్ల ఎవల్నీ గుంజదు.
ఆ ఒంటరితనాన్ని
తన ఒళ్లంత పరుసుకొని
ఊకుంటది."

ఓదెలన్న శానసేపు మాట్లాడలే.
"కొమురెల్లి అసొంటోడే" అన్నడు.

అల్మార తెరిస్తె
ఒక గొట్టం నేరేడు రంగుల్నే ఉంది.
ఇంకోటి పలచబడి పలచబడి
వరిగడ్డి రంగుకొచ్చింది.
కిటికీ కాడికి తీస్కపోయి
ఎండకు పట్టి చూసిండు.
"రంగేడికి పోయింది?"
"ఆ ఊదాది జోడి తప్పిందే అన్నా.
ఇప్పుడు దొరికింది."

"మరి నా లోపల గిట్లనే తేటపడ్తదా?"

ఇక్కడ నాకు నాలుక తిరగలే.
గాజుల జరిగేది నెత్తుర్ల జరుగుతదని
ఎట్ల చెప్తం?
నడుమ కడుపుంది, కాలేజముంది,
జేబుల బీడీకట్ట ఉంది.
"కొంత" అన్న.
"గోళీలు ఆపొద్దు" అన్న.
"ఈ నూనెల మిర్చిబజ్జీలు గోలియ్యొద్దు,
ఎండల పెట్టొద్దు,
వేడికీ వెలుగుకూ అది నిలవది" అన్న.

తువ్వాల మల్ల చుట్టిండు,
ఈసారి మెల్లగ.
టీ గ్లాసుల నాకింత పోసిండు, వద్దన్నా ఇనకుంట.
తలుపు కాడ నిలబడి అడిగిండు:

"ముప్పై ఏండ్లు దగ్గిన బిడ్డా ఆ మిర్చి దుమ్ముల.
అందరం దగ్గినం.
అన్ని దగ్గులల్ల
ఒక్కటన్న మందు కింద లెక్కకొస్తదా?"

దానికి నా కాడ పరీక్ష లేదు.

ఆయన పోయినంక
గొట్టాలు కడిగి బోర్లించి,
బయట వరండల నిలబడి
గ్లాసెత్తి తాగిన.
ముందు పచ్చిగడ్డి వాసన,
ఎన్కనుంచి గొంతుల ఏదో పట్టుకుంది.
దగ్గిన.

కింద సైకిల్ స్టాండు కాడ
ఇంకెవలో దగ్గిండ్రు.
ఆయనేనో, కాదో.